అంబాసిడర్ నీలం పొగ కొడుతుంటే: హెడ్ దించకుండా వాల్వ్ సీళ్లు మార్చుకోవడం ఎలా

పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే సైలెన్సర్ నుంచి నీలం పొగ గుప్పున వస్తుంది. రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. పికప్ బాగానే ఉంటుంది. కానీ డిప్‌స్టిక్ తీసి చూసిన ప్రతిసారీ ఆయిల్ గీత కిందికి దిగి ఉంటుంది. ఈ లక్షణాలు చెప్పగానే చాలా చోట్ల వినిపించే మాట, "బోర్ (సిలిండర్ లోపలి గోడ) అయిపోయింది సార్, ఇంజిన్ దించాల్సిందే."

మా ఇంటి బండి పాత 1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్. దానికీ ఇదే మాట చెప్పారు. నమ్మి బోర్ కొట్టించాం, కొత్త పిస్టన్లు, రింగులు వేయించాం. బండి ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే మళ్లీ అదే పొగ. ఆ తర్వాత ఇంజిన్ పైన ఉండే టాపెట్ కవర్ విప్పి, వాల్వు కాడల పక్కనుంచి ఆయిల్ కిందికి దిగకుండా ఆపే వాల్వు సీళ్లు తీసి చూస్తే, ఒకటి గోటితో నొక్కగానే టప్పున విరిగి రెండు ముక్కలైంది. రబ్బరు అన్న గుణమే దానిలో మిగల్లేదు, ఎండిన కొబ్బరి చిప్ప ముక్కలా ఉంది. వందల్లో తేలే పనికి వేలు పోశాం. మీకు అలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక్కడ రాసిందంతా 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌కు. 1990లలో వచ్చిన ఇసుజు 1800 ఇంజిన్ నిర్మాణం వేరు, సీళ్లు వేరు. పొగను బట్టి తప్పు ఎక్కడుందో తేల్చుకునే పద్ధతి మాత్రం ఏ పాత పెట్రోల్ బండికైనా పనికొస్తుంది.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి

పొగ ఎప్పుడు వస్తోందో గమనించండి, సగం జవాబు అక్కడే ఉంటుంది. రాత్రంతా నిలబెట్టి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు వస్తే, గైడు (వాల్వు కాడ జారే గొట్టం) పక్కనుంచి ఆయిల్ కిందికి జారి లోపల నిలిచిందని అర్థం. అది సీళ్ల లక్షణం. ట్రంక్ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్కసారి గుప్పుమంటే అదీ సీళ్లే.

నాకు బాగా నమ్మకమున్న పరీక్ష ఘాట్ రోడ్డు. శ్రీశైలం నుంచి దోర్నాల వైపు దిగేటప్పుడు కాలు తీసేసి గేరు మీదే బండిని దిగనిస్తాం కదా. అప్పుడు కార్బురేటర్ మూసుకుని ఉంటుంది, ఇంజిన్ మాత్రం గట్టిగా తిరుగుతుంటుంది. గాలి లోపలికి వెళ్లే దారిలో వాక్యూమ్ పెరిగి, ఇన్‌లెట్ గైడుల పక్కనుంచి ఆయిల్‌ను లాగేస్తుంది. దిగాక చదును రోడ్డు మీద యాక్సిలరేటర్ తొక్కినప్పుడు అద్దంలో చూడండి. వెనక నీలం తెర లేచి వెంటనే ఆగిపోతే సీళ్లు కానీ గైడులు కానీ పోయినట్టే. అలా కాకుండా చీమకుర్తి దారిలో గ్రానైట్ లారీని దాటడానికి గట్టిగా తొక్కిన ప్రతిసారీ, తొక్కినంతసేపూ పొగ వస్తుంటే పిస్టన్ రింగుల మీద అనుమానం పెట్టుకోండి. తెల్లటి పొగ వచ్చి రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే అది సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ కింది గ్యాస్‌కెట్ సంగతి. దానికి ఈ వ్యాసం పనికిరాదు.

అనుమానం తీరాలంటే కంప్రెషన్ గేజ్ పెట్టండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, ఒక్కో సిలిండర్‌కు సెల్ఫ్ కొట్టి అంకె రాసుకోవాలి. తర్వాత ప్లగ్గు రంధ్రంలో ఒక టీ స్పూను ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. అంకె బాగా పెరిగితే రింగులు అరిగాయి, ఎందుకంటే ఆ ఆయిల్ కాసేపు రింగుల సందు మూస్తుంది. నాలుగూ దగ్గర దగ్గరగా ఉండి, ఆయిల్ పోసినా పెద్దగా మారకపోతే బోర్ జోలికి వెళ్లకండి.

ఇంకొక్క పని, దీనికి పైసా ఖర్చు లేదు. ఇంజిన్ పక్కనుంచి కిందికి దిగే గాలి గొట్టం, టాపెట్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కు వెళ్లే రబ్బరు పైపు తీసి ఊది చూడండి. ఇవి జిడ్డుతో మూసుకుపోతే ఇంజిన్ లోపల ఒత్తిడి పెరిగి, మంచి సీళ్లున్నా ఆయిల్ పైకి తన్నుకొస్తుంది.

సామాను

సీళ్లు ఎనిమిది. ఇవి చిన్న రబ్బరు రింగులు. కొనేటప్పుడు వేళ్ల మధ్య సాగదీసి చూడండి, వదలగానే వెనక్కి రావాలి. ఏళ్ల తరబడి షాపులో మూలన పడున్న పాత ప్యాకెట్ వద్దు. ఈ మోడల్ సామాను మన దగ్గర దొరక్కపోతే నెల్లూరు వాళ్లు చెన్నై జీపీ రోడ్డుకు, ఒంగోలు వాళ్లు విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లి తెచ్చుకోవడం తెలిసిందే. వెళ్లినప్పుడు టాపెట్ కవర్ గ్యాస్‌కెట్, ఒక హెడ్ గ్యాస్‌కెట్ కూడా తెచ్చి పెట్టుకోండి.

ప్లగ్ స్పానర్, ఫీలర్ గేజ్, టార్క్ రెంచ్, అయస్కాంతం, బండితో వచ్చిన స్టార్టింగ్ హ్యాండిల్ కావాలి. వాల్వు స్ప్రింగ్ నొక్కే లివర్ దొరక్కపోతే వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు. రెండడుగుల ఇనుప పట్టీకి, స్ప్రింగ్ కప్పు మీద కూర్చునేలా పక్కన కిటికీ కోసిన చిన్న పైపు ముక్క వెల్డ్ చేస్తే చాలు. ఆ కిటికీలోంచే లాకులు, అంటే స్ప్రింగ్ కప్పును వాల్వు కాడకు పట్టి ఉంచే రెండు చిన్న ముక్కలు, తీయాలి, పెట్టాలి. అక్కడే ఇంకో నాలుగు పైపు ముక్కలు కోయించుకోండి, వాటి ఎత్తు రాకర్ షాఫ్ట్ (వాల్వులను నొక్కే రాకర్లు ఆడే ఇరుసు) కింద ఉండే దిమ్మెల ఎత్తుకు సమానంగా ఉండాలి. అవెందుకో చెబుతాను.

చివరిగా తాడు. ఆరు మిల్లీమీటర్ల మందం, రెండు మీటర్ల పొడవు ఉన్న నైలాన్ తాడు, రెండు ముక్కలు. కొత్తపట్నం, జువ్వలదిన్నె లాంటి చోట్ల పడవల వాళ్లు వాడే అల్లిక తాడు దీనికి చక్కగా సరిపోతుంది. మెత్తగా ఉంటుంది, పీచు రాలదు. కొత్తది కొనండి, ఉప్పూ ఇసుకా పట్టిన తాడు సిలిండర్‌లో పెట్టకూడదు. కొసలు అగ్గిపుల్లతో కాల్చి గట్టిపరచండి.

విప్పడం: ఇక్కడ తొందర పడితే నీళ్లు ఆయిల్‌లోకి దిగుతాయి

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, అంటే రాత్రి ఆపిన బండిని పొద్దున మొదలుపెట్టండి. బ్యాటరీ వైరు తీసేయండి. రేడియేటర్ నీళ్లు, ఇంజిన్ బ్లాకు నీళ్లు రెండూ దించండి. సీళ్లకు నీళ్లతో పనేమిటని అనిపిస్తుంది. ఈ ఇంజిన్‌లో రాకర్ షాఫ్ట్‌ను పట్టి ఉంచే పెద్ద నట్లు నాలుగు హెడ్‌ను కూడా పట్టి ఉంచుతాయి. హెడ్‌కు మొత్తం 11 నట్లు, వాటిలో నాలుగు ఇవి. మిగతా ఏడింటినీ బిగువుగా ఉంచి ఈ నాలుగింటిని మాత్రమే విప్పితే హెడ్ వంగుతుంది, నీళ్లు సిలిండర్లలోకి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లోకి దిగుతాయి.

అందుకని పదకొండింటినీ కొద్దికొద్దిగా, పావు చుట్టు చొప్పున, వరస తప్పకుండా వదులు చేస్తూ రండి. తర్వాత రాకర్ నట్లు తీసి, షాఫ్ట్‌ను రాకర్లతో సహా నిలువుగా పైకెత్తండి. రాకర్లను కింది నుంచి నెట్టే పుష్ రాడ్లను ఒక్కోటీ కాస్త తిప్పి, పట్టు వదిలాక లాగండి. ఒక్కసారిగా లాగితే అడుగున ఉండే టాపెట్ కూడా ఆయిల్ అంటుకుని పైకి లేస్తుంది. అట్టముక్కకు ఎనిమిది రంధ్రాలు పొడిచి, ఏది ఎక్కడిదో అంకెలు వేసి గుచ్చండి.

ఇప్పుడు ఆ నాలుగు పైపు ముక్కలను హెడ్ బోల్టుల మీద దిమ్మెల స్థానంలో తొడిగి, వాషర్లు వేసి, నట్లు పెట్టి, పదకొండింటినీ మళ్లీ సమానంగా బిగించండి. తాడు కింది నుంచి నెట్టేటప్పుడు హెడ్ కదలకుండా ఉండడానికే ఇది. ఈ పని ఎవరూ చెప్పరు, చాలామంది చెయ్యరు. ఆ తర్వాత గ్యాస్‌కెట్ లీకయిందని బాధపడతారు. గ్యాస్‌కెట్ ఎప్పటిదో మీకే తెలియనంత పాతదైతే తాడూ గీడూ పక్కనపెట్టి హెడ్ దించేయడమే మంచిది.

హెడ్ మీద ఆయిల్ కిందికి దిగే దారులు, పుష్ రాడ్ల రంధ్రాలు అన్నీ గుడ్డతో మూయండి. పేలికలు కాదు, పెద్ద గుడ్డ. మొదటిసారి నేను మూయలేదు. లివర్ జారి ఒక లాకు ఎగిరింది, హెడ్ మీద ఒకసారి టింగుమంది, తర్వాత ఎక్కడో లోతులో ఇంకో చిన్న చప్పుడు. బియ్యపు గింజ కంటే కాస్త పెద్దదైన ఆ ముక్క కోసం ఆయిల్ చాంబర్ దించాల్సి వచ్చింది, ఒక రోజంతా పోయింది.

తాడుతో వాల్వులను పట్టి ఉంచడం

స్ప్రింగ్ తీస్తే వాల్వు సిలిండర్‌లోకి జారిపోతుంది. అది జారకుండా కింది నుంచి తాడు ఆసరా ఇస్తుంది. ప్లగ్గులన్నీ తీసి, హ్యాండిల్ పెట్టి మెల్లగా తిప్పితే ఇంజిన్ చేతికి తేలిగ్గా తిరుగుతుంది. పుష్ రాడ్లు తీసేశాం కాబట్టి వాల్వులన్నీ మూసే ఉంటాయి. ఏ స్ట్రోక్ అన్న లెక్క అక్కర్లేదు, పిస్టన్ పైకి వస్తుంటే చాలు.

ఈ ఇంజిన్‌లో 1, 4 పిస్టన్లు కలిసి పైకి వస్తాయి, 2, 3 కలిసి వస్తాయి. అందుకే రెండు తాళ్లు. 1, 4 పిస్టన్లు పైకి రావడానికి ఇంకా మూడో వంతు దూరం ఉండగా ఆపండి. రెండు ప్లగ్గు రంధ్రాల్లోకి తాడును మెల్లగా దూర్చుతూ పోండి, ఇక పట్టదన్నప్పుడు ఆపండి. బయట కనీసం ఒక జానెడు వేలాడుతూ ఉండాలి. అప్పుడు హ్యాండిల్‌ను మళ్లీ తిప్పండి. పరుపు మీద నొక్కినట్టు మెత్తగా బిగుస్తుంది. అక్కడ ఆపి, టాప్ గేర్ వేసి హ్యాండ్ బ్రేక్ లాగండి. హ్యాండిల్ బయటికి తీసేయండి. స్టీరింగ్‌కు ఒక గుడ్డ కట్టండి, పిల్లలో పెద్దలో వచ్చి సెల్ఫ్ కొట్టకుండా.

లివర్ పెట్టే ముందు, స్ప్రింగ్ కప్పు మీద పాత సాకెట్ పెట్టి చెక్క సుత్తితో ఒక చిన్న దెబ్బ వేయండి. ఏళ్లుగా మాడిన ఆయిల్‌తో అంటుకున్న లాకులు వదులవుతాయి. లాకుల చుట్టూ సన్నని క్లిప్ ఉంటే ముందు అది తీయాలి. లివర్ నొక్కగానే లాకులు రెండూ బయటపడతాయి, అయస్కాంతంతో తీసుకోండి. తర్వాత కప్పు, లోపలి స్ప్రింగ్, బయటి స్ప్రింగ్ వస్తాయి. వాల్వు కాడ కొసకు వెంటనే ఒక రబ్బరు బ్యాండ్ బిగించి చుట్టండి. తాడు సడలినా వాల్వు మాయం కాదు.

గైడు చూడకుండా కొత్త సీల్ వేయొద్దు

హ్యాండ్ బ్రేక్ వదిలి, టాప్ గేర్‌లోనే బండిని కొద్దిగా వెనక్కి నెట్టి పిస్టన్‌ను దించి (హ్యాండిల్ వెనక్కి తిప్పడానికి పట్టదు), వాల్వును మూడు నాలుగు మిల్లీమీటర్లు కిందికి దిగనివ్వండి. కాడ కొసను రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. ఆయిల్ పొర మీద నున్నగా జరిగినట్టుంటే సరే. టకటక కొట్టుకుంటూ కదలిక కంటికి కనబడితే గైడు అరిగింది. అప్పుడు కొత్త రబ్బరు వేసినా నాలుగు నెలల్లో మళ్లీ మొదటికొస్తుంది. హెడ్ దించి, లేత్ షాపులో కొత్త గైడులు కొట్టించడం తప్ప వేరే దారి లేదు. ముందు నుంచి లెక్కపెడితే 2, 3, 6, 7 ఇన్‌లెట్ వాల్వులు. వాక్యూమ్ పడేది వీటి మీదే, కాబట్టి వీటిని ఇంకాస్త శ్రద్ధగా చూడండి. పరీక్ష అయ్యాక తాడును మళ్లీ బిగించండి.

రాకర్ షాఫ్ట్‌ను కూడా తిరగేసి చూడండి. అరుగుదల ఎప్పుడూ అడుగు వైపే ఉంటుంది, వేలితో రాస్తే మెట్టు తగులుతుంది. షాఫ్ట్, బుష్షులు అరిగితే ఆయిల్ పైన కావలసిన దానికంటే ఎక్కువ పారుతుంది. ఆ వరదను ఎంత మంచి సీలైనా ఆపలేదు.

సీల్ కూర్చునే చోటు

అన్నిటికంటే ఎక్కువ తప్పు జరిగేది ఇక్కడ. మారుతి లాంటి బండ్లలో సీల్ టోపీలా గైడు మీద కూర్చుంటుంది. ఆ అలవాటుతో అంబాసిడర్ సీల్‌ను కూడా కాడ మీద నుంచి గైడు దాకా తోసేస్తారు. అలా తోస్తే సీల్ వేసినట్టే కాదు. దీని చోటు పైన, లాకులకు సరిగ్గా కింద, స్ప్రింగ్ కప్పు లోపల. కప్పు గుండా కాడ పక్కనుంచి ఆయిల్ దిగకుండా ఆపడమే దాని పని.

కొత్త సీళ్లను కాసేపు శుభ్రమైన ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టండి, తేలిగ్గా జారతాయి. వరస ఇలా ఉండాలి: స్ప్రింగులు పెట్టి, కప్పు పెట్టి, లివర్‌తో నొక్కి పట్టండి. కాడ కొస, లాకుల గాడి కప్పు పైకి కనబడతాయి. ఇప్పుడు, లివర్ నొక్కి ఉండగానే, సీల్‌ను కాడ మీద తొడిగి గాడి కిందికి దించండి. ఒక పక్క ఏటవాలుగా చెక్కిన రకమైతే ఆ పక్క కిందికి ఉండాలి. గాడి అంచు పదునుగా ఉంటుంది, సీల్‌ను గీసేస్తుంది. కొస మీద సన్నని ప్లాస్టిక్ కవరు ముక్క చుట్టి, దాని మీదుగా జార్చి, తర్వాత కవరు లాగేయండి. ఆపైన లాకులు రెండూ గాడిలో పెట్టి లివర్ మెల్లగా వదలండి. లాకులకు కాస్త గ్రీజు రాస్తే చోటు వదలకుండా నిలుస్తాయి. వదిలాక సాకెట్ పెట్టి మళ్లీ చిన్న దెబ్బ వేస్తే, సరిగా కూర్చోని లాకు అప్పుడే తెలిసిపోతుంది.

1, 4 అయ్యాక పిస్టన్లు కొద్దిగా దించి తాళ్లు లాగి, 2, 3లో అదే పని చేయండి. చివర తాళ్లు రెండూ చేతిలో ఉన్నాయని చూసుకున్నాకే ముందుకు కదలండి.

బిగింపు, టాపెట్ సెట్టింగ్

పైపు ముక్కలు తీయడానికి మళ్లీ పదకొండు నట్లూ వదులు చేయాలి. పుష్ రాడ్లు పాత చోట్లలోనే దించి, రాకర్ షాఫ్ట్ కూర్చోబెట్టి, మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతలుగా బిగించండి. నేను పెద్ద నట్లకు 40 అడుగు-పౌండ్లు, రాకర్ చిన్న నట్లకు 25 వాడతాను. మీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి.

టాపెట్లకు, అంటే రాకర్‌కూ వాల్వు కాడ కొసకూ మధ్య, 0.015 అంగుళాలు, అంటే 0.38 మి.మీ. గ్యాప్. సెట్ చేయడానికి తొమ్మిది లెక్క గుర్తుంచుకుంటే చాలు. ముందు నుంచి 1 నుంచి 8 దాకా అంకెలు వేసుకోండి. హ్యాండిల్ తిప్పుతూ ఏ వాల్వు పూర్తిగా కిందికి నొక్కుకుందో చూడండి, ఆ అంకెను తొమ్మిదిలోంచి తీసేయండి. 8 నొక్కుకుంటే 1కి, 6 నొక్కుకుంటే 3కి, 4 నొక్కుకుంటే 5కి సెట్టింగ్. ఫీలర్ బ్లేడు కొంచెం పట్టుతో జరగాలి. వదులుగా ఉంటే చప్పుడొస్తుంది, అంతే. బిగుతుగా ఉంటే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. అనుమానముంటే వెంట్రుక వాసి వదులు వైపే ఉంచండి.

ఇంకా పొగ వస్తుంటే

మొదటి రోజే టెన్షన్ పడకండి. సైలెన్సర్ లోపల పాత ఆయిల్ పేరుకుని ఉంటుంది. నెల్లూరు నుంచి కావలి వెళ్లి వచ్చినంత దూరం హైవే మీద వేడెక్కించి నడిపితే చాలావరకు కాలిపోతుంది. ఆ తర్వాత కూడా పొద్దున పొగ తగ్గకపోతే ప్లగ్గులు తీసి చూడండి. ఒక్క ప్లగ్గే తడిగా నల్లగా ఉంటే ఆ సిలిండర్ సీల్ తెగింది, లేదా గాడిలోనే ఇరుక్కుంది. ఆ ఒక్కటే మళ్లీ విప్పండి. నాలుగూ ఒకేలా తడిగా ఉంటే సీళ్లు గైడు దాకా జారాయేమో, రాకర్ షాఫ్ట్ అరిగిందేమో, గాలి గొట్టం మూసుకుందేమో చూడండి. పొగ పోయినా ఇంజిన్ తడబడుతుంటే ఎక్కడో ఒక టాపెట్ బిగుసుకుంది.

డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాల టీ రంగులో కనబడితే బండి వెంటనే ఆపేయండి. హెడ్ సరిగా కూర్చోలేదు, నీళ్లు కలుస్తున్నాయి. తెచ్చి పెట్టుకున్న హెడ్ గ్యాస్‌కెట్ అప్పుడు పనికొస్తుంది.

అంతా బాగుంటే ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, హెడ్ నట్ల బిగువు ఒకసారి చూసి, తర్వాత టాపెట్ గ్యాప్ మళ్లీ సెట్ చేయండి. నట్లు కాస్త బిగిస్తే గ్యాప్ మారుతుంది, అందుకే ఈ వరసలోనే. ఆ రోజు ఆయిల్‌ను డిప్‌స్టిక్ పై గీత దాకా పోసి, కిలోమీటర్ల రీడింగ్ ఒక కాగితం మీద రాసి డాష్‌బోర్డులో పెట్టుకోండి. ఈ పాత రకం సీల్‌తో చుక్క కూడా ఖర్చు కాకపోవడమనేది ఉండదు. వెయ్యి కిలోమీటర్ల తర్వాత మళ్లీ డిప్‌స్టిక్ తీసి, ఆ కాగితంతో సరిచూసుకోండి.